జంటనాడి

ఆ నెలలో దాలమ్మ చచ్చిపోవడం అది మూడోసారి.

కంగారుపడకండి, మనిషి నిక్షేపంగా ఉంది. ఊరివాళ్ళు కోతుల ఆఫీసు అనే పరిశోధన క్యాంపు వంటింట్లో, పొయ్యి మీద పప్పు ఉడుకుతూ ఉండగా, గోడకి చేరబడి కూర్చుని, ఎడమచేతిని కుడిచేత్తో గట్టిగా పట్టుకుని, కళ్ళు మూసుకుని చచ్చిపోతోంది. నాలుక మీద మంట. గొంతులో మంట. మూడు రోజులుగా చుక్క నీళ్ళు కూడా మింగుడుపడని దాహం. తర్వాత కాళ్ళు చల్లబడ్డాయి. ఆ తర్వాత, మణికట్టుకు నాలుగు వేళ్ళ ఎగువన, ఇన్నాళ్ళూ చీమ పాకుతున్నట్టు చిరచిరలాడుతూ ఉన్న చోటు కాస్తా ఊరుకుంది.

"నాలుగో నెంబరు పోనాది డాట్రమ్మా," అంది కళ్ళు తెరిచి. కొంగుతో మొహం తుడుచుకుని లేచి, అడుగంటబోతున్న పప్పు కలిపింది.

డాక్టర్ మందాకిని గుమ్మంలో నిలబడి ఆ మాట రాసుకుంది.

"ఎలా పోయింది దాలమ్మగారూ? మొదటినుంచీ చెప్పండి."

"ముందు నోరు మండిపోనాది. అన్నిటికీ అంతే. ముందు నోరే."

"నోటిపూత," అని రాసుకుని, పక్కన "వైరస్?" అని పెట్టింది మందాకిని. అలాంటి ప్రశ్నార్థకాలు ఆవిడ పుస్తకంలో అప్పటికే పేజీకి మూడేసి ఉన్నాయి.

అండమాన్ దాటి ఇంకా కిందికి పోతే వచ్చే ఆ దీవికి మ్యాపులో ఏదో పేరుంది. శ్రీకాకుళం ఒడ్డునుంచి రెండు తరాల కిందట వచ్చి స్థిరపడిన అరవై కుటుంబాలవాళ్ళు మాత్రం పీతలదీవి అంటారు. మామూలు పీతలు కావవి, కొబ్బరికాయ డొక్క చీల్చే పీతలు. అడవిలో ఏ జంతువు చచ్చినా రెండు రోజుల్లో బొమికలతో సహా మాయం చేసేస్తాయి. అక్కడే వచ్చింది చిక్కంతా. మూడేళ్ళ కిందట ఆ అడవిలో ఆరువందల నలభై బూడిదరంగు కోతులు ఉండేవి, ఆ దీవిలో తప్ప ఇంకెక్కడా లేని కోతులు. ఇప్పుడు నూట నలభై ఒకటి. ఎందుకు పోతున్నాయో చూద్దామంటే ఒక్క శవం దొరకదు. బతికున్నవాటి నెత్తురు పరీక్షిస్తే ఏ రోగమూ కనబడదు.

అందుకని మందాకిని కనిపెట్టిందే జంటనాడి. గాజుపళ్ళెంలో నరాల కణాలతో సన్నటి దారం ఒకటి పెంచుతుంది. దాన్ని రెండుగా తెంపి, ఒక ముక్క కోతి చంకలోనూ రెండోది మనిషి చేతి చర్మం కిందా పెడుతుంది. ఇక అక్కడ కోతికి పెద్ద నొప్పి వచ్చినా, పెద్ద భయం వేసినా ఇక్కడ మనిషికి తెలుస్తుంది. ఎందుకు తెలుస్తుందో వివరిస్తూ ఆవిడ తొంభై పేజీలు రాసింది. దాలమ్మ అయితే, "కవలల్లో ఒకడికి జొరమొస్తే రెండోవాడు ఏడవడా, అలాగ," అని ఊరందరికీ ఒక్క ముక్కలో తేల్చేసింది.

మొదట ఇద్దరు కుర్ర పరిశోధకులు ఆ దారాలు పెట్టించుకున్నారు. మొదటి చావుకి ఒకడూ రెండో చావుకి ఇంకొకడూ తీయించేసుకుని ఓడెక్కేశారు. పాపం, వాళ్ళని అనడానికేం లేదు. చావడమనేది అలవాటయ్యే పని కాదు. అప్పుడు క్యాంపులో వంట చేసే దాలమ్మ, యాభై మూడేళ్ళ మనిషి, చెయ్యి చాపింది. "ఆ కోతుల్ని చిన్నప్పట్నుంచి సూత్తన్నాను. నాకెయ్యండి," అంది. మణికట్టునుంచి మోచేతిదాకా వరసగా పదకొండు దారాలు వేయించుకుంది.

మొదటివారంలోనే ఒక తమాషా జరిగింది. ఆ దారం రెండువైపులా పనిచేస్తుందని అప్పటిదాకా మందాకినికే తెలియదు. దాలమ్మ భోంచేసి, తమలపాకులో వక్కా సున్నం పెట్టి, కాస్త పొగాకు కూడా తగిలించి బుగ్గన పెట్టుకునేసరికి, అడవిలో పదకొండు కోతులు ఎక్కడివక్కడే తుపుక్కుమని ఉమ్మడం మొదలెట్టాయట. చూసొచ్చిన మందాకిని పొట్ట పట్టుకుని నవ్వింది. నవ్వడం అయ్యాక ఆకు మానేయాలంది. ముప్పై ఏళ్ళ అలవాటు! దాలమ్మ మారుమాట లేకుండా మానేసింది. మొగుడు బైరాగి మాత్రం, "నాను మొత్తుకుంటే ఇన్లేదు గానీ కోతులకోసం మానీసినాదట," అని రెండు రోజులు అలిగాడు.

ఇప్పుడు ఆ పదకొండులో ఎనిమిది మిగిలాయి. పైనుంచి కబురు కూడా వచ్చింది. ఏప్రిల్ ఆఖర్లో ఓడ వస్తుంది. అప్పటికి చావులు ఆగకపోతే ఉన్న కోతులన్నిటినీ పట్టి, బోనుల్లో పెట్టి, ఒడ్డుకి తీసుకుపోతారు. దీవిలో ఇక కోతి అన్నది ఉండదు. మందాకిని ఆ ఉత్తరం దాలమ్మకి చదివి వినిపించింది.

"బోనులో అవి బతకవు డాట్రమ్మా. గూట్లో పెట్టిన పిట్ట తింటాది, తాగుతాది, సచ్చిపోద్ది. ఇన్ని సావులు పడ్డాను. ఆ సావు నానొప్పుకోను."

ఇంటిదగ్గర లోకం వేరు. బైరాగిది కల్లుగీత. మూడేళ్ళ కిందట ఊరివాళ్ళంతా సంఘం పెట్టుకుని, కల్లు మానేసి, చెట్టునుంచి తీపినీరు దింపి కొబ్బరి బెల్లం వండుతున్నారు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి చెట్టెక్కి లొట్టెలు, అంటే ఆ నీరు పట్టే కుండలు, దింపడం, మధ్యలో అందరూ బట్టీల దగ్గర బెల్లం కాచడం. ఊళ్ళో తాగుడు తగ్గింది, తగువులు తగ్గాయి. ఆడవాళ్ళు ఆ బెల్లాన్ని దేవుడి ప్రసాదంలా చూస్తారు.

ఆ సాయంత్రం బైరాగి స్వయంగా చేపలకూర వండి పెట్టాడు. దాలమ్మ నాలుగు ముద్దలు తిని చెయ్యి కడిగేసుకుంది.

"ఉప్పు సాల్లేదేటి?"

"ఏమో మావా. నాకు రుచి తెల్దంలేదు. నాలిక మొద్దుబారిపోనాది."

బైరాగి ఆమె వదిలేసిన కంచం తీసి పక్కన పెట్టాడు. పెళ్ళాం మీద అతనికి ప్రాణం. పైకి చెప్పుకోవడం చేతగాక ఎప్పుడూ దేనిమీదో విసుక్కుంటాడు. ఆ పూట గబ్బిలాల మీద విసుక్కున్నాడు. "కోతుల గోల నీది, గబ్బిలాల గోల నాది. ఎప్పుడెక్కి సూసినా లొట్టె సగం కాళీ. దానికీ మందేసినాంలే."

ఏం మందని దాలమ్మ అడగలేదు. ఆమె ధ్యాసంతా చేతిమీదే ఉంది.

మార్చి చివర్లో ఎదురింటి తవిటయ్య కూతురికి సంబంధం కుదిరింది. తవిటయ్య బెల్లం సంఘానికి పెద్ద. మిట్టమధ్యాహ్నం పందిట్లో తాంబూలాలు మార్చుకున్నారు. పెళ్ళికూతురు పెద్దవాళ్ళందరికీ తన చేత్తో ఆకు మడిచి ఇస్తోంది. ఆ పిల్ల దాలమ్మ ఎదట కూర్చుని, "అత్తా, నా సేత్తో ఇచ్చినది కాదంటావేటి," అంది. కాదనడం ఎలా? శుభమా అని పిల్ల మొదటిసారి ఇచ్చిన తాంబూలం. పోనీ ఒక్క ఆకే కదా, కోతులు ఓసారి ఉమ్ముకుంటాయిలే అనుకుని దాలమ్మ నోట్లో పెట్టుకుంది.

ఆ పిల్ల ఎప్పుడూ ఆకు మడిచిన పాపాన పోలేదు. వేలితో రాయవలసిన సున్నం చెంచాతో పెట్టింది.

నాలుక భగ్గుమంది. బుగ్గలు పొక్కాయి, గొంతు పట్టేసింది. పందిట్లో ఆడవాళ్ళు నవ్వి, "సున్నం ఎక్కువైపోనాదే, ఉమ్మీ ఉమ్మీ," అన్నారు. దాలమ్మ ఉమ్మలేదు. నోట్లో ఆకు అలాగే ఉంచుకుని, కళ్ళు పెద్దవి చేసుకుని, కదలకుండా కూర్చుండిపోయింది. ఆ మంట ఆమెకి తెలుసు. ఆ నెలలో మూడుసార్లూ సరిగ్గా ఈ మంటే. ఇన్నాళ్ళూ జబ్బు జబ్బు అని చదువుకున్నవాళ్ళు అంటుంటే ఈమె కూడా జబ్బే అనుకుంది. ముప్పై ఏళ్ళు ఆకు నమిలిన మనిషి, సున్నాన్ని పోల్చుకోలేకపోయింది.

సిగ్గేసింది. వెంటనే భయం వేసింది. అడవిలో కోతికి సున్నం ఎక్కడిది?

పందిట్లోంచి లేచి తిన్నగా బట్టీ దగ్గరికి పోయింది. బైరాగి పెనంలో బెల్లం కలుపుతున్నాడు. పక్కనే గోనెసంచి నిండా తెల్లటి గుల్లసున్నం. సముద్రపు గుల్లలు కాల్చి చేసిన ఘాటు సరుకు.

"మావా, లొట్టెల్లో సున్నం ఎంతేత్తన్నావు?"

"ఏటడుగుతావు? నీరు పులవకుండా అడుగున పూతంత ఏత్తాం. అందరికీ తెలిసిందే కదా."

"మందేసినామన్నావు. ఆ మందేటి?"

బైరాగి గరిటె ఆపాడు. "గబ్బిలాలు తాగేత్తన్నాయని మొదటేడాదినుంచే ఇంకో గుప్పెడు ఏత్తన్నాం. నానే సెప్పాను అందరికీ. గబ్బిలం పైపైన నాకుతాది, ఘాటు తగిల్తే ఎల్లిపోద్ది. మనం ఎలాగా పైనీరు వంచుకుంటాం, మడ్డి పారబోత్తాం." చెబుతూ చెబుతూ ఆమె మొహం చూసి ఆగిపోయాడు. "ఏటైనాదే?"

"గబ్బిలం పైనీరు నాకుతాది. కోతి సెయ్యెట్టి అడుక్కంటా తోడుకుంటాది మావా."

పొయ్యి మీద బెల్లం మాడిపోయింది. ఇప్పుడు లెక్కంతా ముడిపడింది. పాత భూకంపానికి దీవి ఒక పక్కకి కుంగి, అడవి వాగుల్లోకి సముద్రం ఎక్కి ఉప్పు తేలి, వేసవి వచ్చేసరికి కోతులకి తాగడానికి నీళ్ళు కరువు. చెట్టుచెట్టుకీ తియ్యటి కుండ. మనుషులు బట్టీల దగ్గరున్న వేళ అవి వస్తాయి, తోడుకుంటాయి, నోరూ గొంతూ కాల్చుకుని అడవిలోకి పోయి, మూడు రోజులు ఏమీ మింగలేక పోతాయి. మిగతా పని పీతలు చూసుకుంటాయి.

"నానే సంపీసినానా," అన్నాడు బైరాగి. అంత పెద్ద మనిషీ నేలమీద కూలబడ్డాడు. "నీ నోరు నానే కాల్సినానా దాలీ."

"ఏడుపు తర్వాత ఏడుద్దువు. లొట్టెలు దింపు."

అప్పుడే దాలమ్మ ఎడమచేతి మీద, నడిమధ్యన, ఏడో నెంబరు చోట చిరచిర మొదలైంది. దాహం. ఎండ నడినెత్తిన ఉంది. దాలమ్మ కోతుల ఆఫీసుకి పరుగెట్టింది. మందాకిని తెరమీద దారమున్న ఏ కోతి ఎక్కడుందో చుక్కలుగా కనిపిస్తుంది; నేలపొదల్లో పడిపోతే మాత్రం చుక్క మాయం. దాలమ్మ రొప్పుతూ రెండు ముక్కల్లో సంగతి చెప్పేసరికి మందాకిని మొహం పాలిపోయింది. ప్రశ్నార్థకాలన్నీ ఒక్కసారి జవాబులయ్యాయి మరి.

"ఏడు తూర్పుతోటవైపు వస్తోంది," అంది తెరవంక చూస్తూ. "మందకి పెద్ద అదే. వెనకాల ముప్పై ఉంటాయి. తూర్పుతోటలో లొట్టెలెన్ని?"

"రెండొందలపైన. దింపడానికి రెండు గంటలు పడతాది."

"అవి పావుగంటలో చేరతాయి."

బైరాగి సంగతి చెప్పాడు కాబోలు, బట్టీ దగ్గర తవిటయ్య గొంతు ఆఫీసుదాకా వినిపిస్తోంది. ఈ మాట పైకి పొక్కితే బెల్లం ఆపించేస్తారని, మళ్ళీ ఊరు కల్లుపాలేనని, రేపు నిదానంగా ఆలోచిద్దామని అంటున్నాడు. అతని మాటలో అబద్ధమేం లేదు. బైరాగి వాదించలేదు. మోకు నడుముకు చుట్టి, గీతకత్తి కూడా తీసుకోకుండా, తూర్పుతోటకేసి పరుగెత్తాడు. తర్వాత తాంబూలాల పందిట్లోంచి ఒకడు లేచాడు, కొత్త పంచె ఎగగట్టుకుని. ఆ వెనక ఇంకొకడు. చివరికి ఇరవై ముగ్గురు గీతగాళ్ళూ చెట్లెక్కారు. తవిటయ్య కూడా తిట్టుకుంటూనే ఎక్కాడు.

ఇక్కడ ఆఫీసులో దాలమ్మ కొంగుముడి విప్పింది. అందులో బట్టీ దగ్గర తీసుకున్న పిడికెడు సున్నం ఉంది.

"ఏం చేస్తున్నారు?" అంది మందాకిని.

"దారం రెండేపులా పనిసేత్తాది అన్నావు కదా డాట్రమ్మా. నాను ఆకు నమిల్తే అవి ఉమ్మినాయి. ఇప్పుడూ ఉమ్ముతాయి. లొట్టెలో సెయ్యెట్టే లోపలే నోరు మండితే, ఏడు ఎనక్కి తిరుగుతాది. అది తిరిగితే మందంతా తిరుగుతాది."

"వద్దు. మీ నోరు ఇప్పటికే..."

"ఆ సుక్క ఎక్కడుందో సెప్పు."

మందాకిని తెరవైపు తిరిగింది. కళ్ళు తుడుచుకోవడానికి కూడా చెయ్యి తీయలేదు. "తోట కంచె దాటింది. చెట్టు మొదట్లో ఉంది. ఎక్కుతోంది."

దాలమ్మ వేలితో సున్నం తీసి నాలుకమీద రాసుకుంది.

తెరమీద ఏడో చుక్క ఆగింది. వెనక్కి జరిగింది. మిగతా ఏడు చుక్కలూ దీవిలో ఎక్కడెక్కడో ఉలిక్కిపడి ఆగాయి. తూర్పుతోటలో చెట్టు మీద ఉన్న బైరాగి కళ్ళారా చూశాడట: పక్కచెట్టు లొట్టెలోకి చెయ్యి పెట్టబోయిన పెద్ద ఆడకోతి, చెయ్యి వెనక్కి లాక్కుని, తల విదిలించి, ఉమ్మి, సరసరా కిందికి దిగిపోయింది. వెనకాల వస్తున్నవాటిని కసిరింది.

కానీ దాహం ఊరుకుంటుందా? ఐదు నిమిషాలకి ఏడు ఇంకో చెట్టుకి పోయింది. దాలమ్మ మళ్ళీ రాసుకుంది. మళ్ళీ వచ్చింది. మళ్ళీ రాసుకుంది. మందాకిని చుక్క చూసి చెప్పడం, చేతిలో కొబ్బరినూనె గిన్నె పట్టుకుని నిలబడటం, దాలమ్మ తల అడ్డంగా ఊపడం. నూనె రాస్తే మంట తగ్గుతుంది, తగ్గితే కోతికి తెలియదు. ఒకసారి దాలమ్మ చేత్తో సైగచేసింది. మాట రావడంలేదు. పలక తెప్పించుకుని రాసింది: "ఏడు కడుపుతో ఉంది." ఆకలికీ దాహానికీ అడుగున, ఇంకో బరువు ఏదో ఆమెకి ఆ మంటలోనే తెలిసింది.

రెండు గంటలా పది నిమిషాలు. ఎన్నిసార్లు రాసుకుందో ఇద్దరిలో ఎవరూ లెక్కపెట్టలేదు. చివరి లొట్టె దించాక బైరాగి చెట్టుమీంచే వేసిన కేక క్యాంపుదాకా వినిపించింది. మందాకిని ఒక్క అంగలో వచ్చి దాలమ్మ నోట్లో నూనె పోసి, ఆమెని గుండెకి హత్తుకుని, చిన్నపిల్లలా ఏడ్చేసింది. దాలమ్మ ఆవిడ వీపు నిమిరింది.

ఆ సాయంత్రమే గీతగాళ్ళు ఇంకో పని చేశారు. అది ఎవరి ఆలోచనో గానీ బంగారంలాంటి ఆలోచన. కోతులకి కుండంటే దాహం తీర్చేదని అలవాటైపోయింది కదా, ఆ అలవాటెందుకు చెడగొట్టడం? బావినీళ్ళతో నింపిన లొట్టెల్ని అడవి అంచు చెట్లకి కట్టారు. తీపినీటి లొట్టెలకి కోతి చెయ్యి దూరకుండా వెదురుతడికె మూతలు అల్లారు. సున్నం మళ్ళీ పూతంతే. బెల్లం ఆగలేదు. మందాకిని జరిగినది జరిగినట్టు పైకి రాసింది. తప్పెవరిదో, సరిదిద్దినదెవరో రెండూ రాసింది.

దాలమ్మ నోరు మూడువారాలకి మానింది. రుచి మాత్రం మళ్ళీ రాలేదు. ఉప్పూ, పులుపూ, బైరాగి వండే చేపలకూరా, అన్నీ ఒకటే. బైరాగి దానికి ఒకరోజు చాటుగా ఏడ్చాడు. దాలమ్మ మాత్రం, "నువ్వొండిన కూర రుచి తెలీకపోడం ఒకందుకు మంచిదే మావా," అని ఏడిపించింది.

ఏప్రిల్ ఇరవై ఎనిమిదిన ఓడ వచ్చింది. డెక్కు నిండా ఇనపబోనులు. లోకనాథంగారని పెద్ద అధికారి దిగాడు. చెడ్డవాడు కాదు, కాగితాన్ని నమ్మే మనిషి. జెట్టీ మీద ఊరంతా ఉంది. మందాకిని కాగితాలు చూపించింది. ముప్పై రోజులుగా ఒక్క చావు లేదు. నూట ముప్పై ఎనిమిది దగ్గర లెక్క నిలిచింది.

"నిలిచింది, సంతోషం," అన్నాడాయన. "కానీ అమ్మా, నిలవడం వేరు, బతకడం వేరు. మూడేళ్ళుగా ఈ అడవిలో పుట్టిన పిల్ల ఒక్కటీ, తల్లికి పాలు పడక, నెల దాటలేదని మీరే రాశారు. ఎండిన చెరువులో చేపలు కదలకుండా ఉంటే, బతికున్నాయని నేనెలా నమ్మను? ఈ జాతి పెరుగుతుందని రుజువేది? ఉత్తర్వు ఉత్తర్వే."

మందాకిని కాగితాలు మడిచింది. ఓడ మీదనుంచి మొదటి బోను దింపడం మొదలైంది. ఇనుము జెట్టీ బల్లలమీద ఈడుస్తున్న చప్పుడుకి ఊళ్ళో ఎవరూ తలెత్తలేదు.

జెట్టీ చివర కూర్చున్న దాలమ్మ నడుం పట్టుకుంది.

"ఏటే?" అన్నాడు బైరాగి.

దాలమ్మ పళ్ళు బిగపట్టి చెయ్యి చూపించింది. ఏడో నెంబరు చోటు. మరో నిమిషానికి బైరాగి భుజం గోళ్ళు దిగేలా పట్టుకుంది. ఆడవాళ్ళకి చెప్పాలా, మొహం చూసే పోల్చుకున్నారు. చుట్టూ దడి కట్టేశారు. ఒకామె నడుం రాస్తోంది, ఒకామె చెమట తుడుస్తోంది. మందాకిని లోకనాథంగారి చెయ్యి పట్టుకుని, అధికారి అని కూడా చూడకుండా, అడవి అంచుకి ఈడ్చుకుపోయింది. బోను సగం దింపిన కూలీలు తాడు పట్టుకుని ఎక్కడివాళ్ళక్కడ నిలబడిపోయారు.

గంటన్నర పట్టింది. నొప్పి వచ్చినప్పుడల్లా దాలమ్మ మూలిగింది, పోయినప్పుడల్లా నవ్వింది. చివరికి ఒక పెద్ద కేక పెట్టి, వెనక్కి వాలి, ఆయాసపడుతూ ఆకాశంవంక చూస్తూ ఉండిపోయింది.

లోకనాథంగారు తిరిగొచ్చేసరికి బూట్లనిండా బురద, చొక్కా చెయ్యి ముళ్ళకి చిరిగింది. కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ, నీళ్ళ లొట్టె కట్టిన చెట్టు కొమ్మ పంగలో పెద్ద ఆడకోతి బిడ్డని పొదువుకుని కూర్చుందని చెప్పాడు.

దాలమ్మ లేచి కూర్చుంది. కొంగు గుండెలమీదికి లాక్కుంది. లోపల రవిక తడిసిపోయి ఉంది.

"పాలు పడ్డాయి బాబూ," అంది. "ఈ సేతిమీదే ఇంకో మూడు నిండు నెలల మీద ఉన్నాయి, అవి ఎనకాలొత్తాయి. ముందు దీన్ని రాసుకోండి. నూట ముప్పై తొమ్మిది."

లోకనాథంగారు జేబులోంచి కలం తీసి రాసుకున్నాడు. తర్వాత ఓడవైపు తిరిగి, బోను పైకి లాగేయమని చెయ్యి ఊపాడు.